ఫిరంగి తీసెయ్, గడియారం పెట్టు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి సుమతికి,

లేజర్ తగిలితే పరమాణువు ఎలా కొత్త వెలుగునిస్తుందో చెప్పే నీ వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ మూడో పేజీలో "గోల్కొండ ఫిరంగి దెబ్బకు గోడ కూలినట్టు లేజర్ దెబ్బకు పరమాణువు బద్దలవుతుంది" అన్నావు చూడు, నాకు ఒళ్లు మండింది. కేంద్రకం చెక్కుచెదరదమ్మా. ఎలక్ట్రాన్ బయటికొస్తుంది, వచ్చినదల్లా వెళ్లిపోదు కూడా. పోలిక వెతికే బదులు ఏది ముందు, ఏది వెనక అన్నది రాయి.

800 నానోమీటర్ల లేజర్ తీసుకో. ఒక్కో ఫోటాన్‌కు, అంటే వెలుగు రేణువుకు, 1.55 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. ఆర్గాన్ వాయువు పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగాలంటే 15.76 కావాలి, అంటే 11 ఫోటాన్లు. చదరపు సెంటీమీటరుకు 10¹⁴ వాట్ల తీవ్రత దగ్గర లేజర్ క్షేత్రం కేంద్రకం కట్టిన అడ్డుగోడను ఒకపక్క పల్చబరుస్తుంది (గోడ నాకూ తప్పలేదు). ఎలక్ట్రాన్ అందులోంచి జారుకుంటుంది. 1.33 ఫెమ్టోసెకన్లకు (ఫెమ్టోసెకను అంటే 10⁻¹⁵ సెకను) క్షేత్రం దిశ మారుతుంది. క్షేత్రం శిఖరం దాటిన కాసేపటికి బయటపడ్డ ఎలక్ట్రాన్ వెనక్కొచ్చి అయాన్‌ను, అంటే ఎలక్ట్రాన్ పోగా మిగిలిన పరమాణువును, తాకుతుంది, శిఖరానికి ముందే బయటపడ్డది తిరిగి రాదు. తాకినప్పుడు కలిసిపోతే సుమారు 35 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా వెలుగు పుడుతుంది. దాన్ని గాలి మింగేస్తుంది, అందుకే వాక్యూమ్ గొట్టం. వృత్తాకార ధ్రువణం పెడితే, అంటే క్షేత్రం ముందుకూ వెనక్కూ ఊగక గుండ్రంగా తిరిగేలా చేస్తే, ఎలక్ట్రాన్ పక్కనుంచి పోతుంది, వెలుగు దాదాపు ఉండదు. నువ్వు తిరగేసి రాశావు.

ఇక తీవ్రత. పల్సుకు ఒక మిల్లీజూల్, సెకనుకు వెయ్యి పల్సులు: సగటున ఒక్క వాటు. పాత జీరో బల్బు అంతకన్నా ఎక్కువ తాగుతుంది. అదే మిల్లీజూల్ 30 ఫెమ్టోసెకన్లలో పడితే 3,300 కోట్ల వాట్లు. దాన్ని 30 మైక్రాన్ల వ్యాసార్థమున్న మచ్చలోకి బిగిస్తే తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10¹⁵ వాట్లు దాటుతుంది. బోల్తా పడేది ఇక్కడే: పల్సు శిఖరం చేరేలోపే ఆర్గాన్ అంతా అయాన్లయిపోతుంది, ఆ ప్లాస్మాలో, అంటే అయాన్లూ విడి ఎలక్ట్రాన్లూ కలిసిన వాయువులో, కొత్త వెలుగు అలలకు లేజర్ అలలతో అడుగు తప్పుతుంది. అందుకని పెద్ద నాభి దూరం కటకం పెట్టి మచ్చను పెద్దది చేస్తారు.

అంకెలుంటే పాఠకులు పారిపోతారని సంపాదకులు కోసేస్తారు. బంగారం గ్రాము రేటు మాత్రం మొదటి పేజీలోనే వేస్తారు! ఇలా పుట్టే అటోసెకండు వెలుగు పల్సులకు 2023 భౌతికశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు కూడా అటోసెకండును (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు) విశ్వం వయసుతో పోల్చి చేతులు దులుపుకున్నవాళ్లే ఎక్కువ.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. మూడో పేజీ తిరగరాసి పంపు. మచ్చ వ్యాసార్థం వదిలెయ్యకు.