కింది గొంతును పట్టుకోండి

ప్రశ్న: కాలేజీ రోజుల్లో ఎవరో ఇచ్చిన క్యాసెట్‌లో అమెరికన్ అక్కచెల్లెళ్లు ముగ్గురు గిటార్లు వాయిస్తూ పాడిన పాటలుండేవి. ఆ క్యాసెట్ ఎప్పుడో పోయింది. మొన్న ఫోన్‌లో ఇంకేదో వెతుకుతుంటే అదే ఆల్బమ్ కనబడింది, ‘ద రోచెస్’. ఒక్కరోజులో నాలుగుసార్లు విన్నాను. అప్పుడు తమాషాగా అనిపించిన పాటలే ఇప్పుడు వింటుంటే ఏడుపొస్తోంది. వయసు మీదపడటం వల్లేనా?

జవాబు: కొంత వయసు, ఎక్కువ మ్యాగీ. 1979లో వచ్చిన ఆల్బమ్ అది. న్యూజెర్సీలో పెరిగిన ముగ్గురు రోచ్ అమ్మాయిల్లో పెద్దావిడ మ్యాగీ, నడిపావిడ టెర్రీ, చిన్నావిడ సజీ (స్పెల్లింగ్ చూసి సూజీ అంటాం గానీ సజీ అనే పలకాలి). టెర్రీ గొంతు పైన తళతళలాడుతూ ఉంటుంది కాబట్టి మన చెవి ముందు అటే పోతుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే విని, పాటలన్నీ సరదా పాటలే అనుకున్నాను. కింద మ్యాగీ గొంతు ఉంటుంది, ఆడగొంతులో అంత కిందిస్థాయి మనకు అలవాటు లేదు, అందుకే అది గొంతు అనిపించదు, ఏదో వాయిద్యం అనిపిస్తుంది. ఈసారి టెర్రీని వదిలేసి ఆ కింది గొంతునే పట్టుకుని ‘హామండ్ సాంగ్’ మొదటినుంచీ వినండి. ఊరొదిలి హామండ్ వెళ్తానంటున్న పిల్లను ఇంట్లోవాళ్లు వద్దని హెచ్చరించే పాట అది. మ్యాగీ, టెర్రీ ఇద్దరే కలిసి 1975లో ఒక ఆల్బమ్ చేశారు, అది నడవకపోయేసరికి అన్నీ వదిలేసి లూసియానాలో హామండ్ అనే ఊళ్లో స్నేహితుల దగ్గరికి నిజంగానే వెళ్లిపోయారు. ఆ పాట రాసిందీ మ్యాగీయే. అంటే వెళ్లిపోయిన పిల్లే తిరిగొచ్చి, తనను వద్దన్నవాళ్ల మాటలు చెల్లెళ్లను పక్కన పెట్టుకుని పాడుతోందన్నమాట. ఇరవై ఏళ్లప్పుడు మనం ఆ పిల్ల పక్షాన నిలబడి వింటాం, ఇప్పుడు మనమే వద్దనేవాళ్లలో ఉన్నాం, ఏడుపు రాక ఏమవుతుంది! మ్యాగీ 2017 జనవరిలో క్యాన్సర్‌తో పోయారు. అది తెలిశాక ఆ కింది గొంతు వినడం ఇంకొంచెం కష్టం.

ప్రశ్న: మీరు చెప్పారని నేనూ విన్నాను. మా ఇంట్లోవాళ్లు మాత్రం ‘వీళ్లకు శ్రుతి కుదర్లేదు’ అని తేల్చేశారు. నాకూ అక్కడక్కడా అలాగే అనిపించింది. నిజమేనా?

జవాబు: కావాలని చేసింది. మన బృందగానంలో పదిమంది పాడినా బాణీ ఒకటే. ఇక్కడ ముగ్గురివి మూడు దారులు, మాట మాత్రం ఒకటే. వీళ్లు ఆ దారులను ఒక్కోచోట ఎంత దగ్గరికి తెస్తారంటే, పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, ఆ రాపిడినే మీవాళ్లు అపశ్రుతి అనుకున్నారు. ఒక్క క్షణం ఆగితే అది విడిపోయి చల్లబడుతుంది. ముక్కూమొహం తెలియని ముగ్గురు పాడితే అది నిజంగానే అపశ్రుతి అయ్యేదేమో. ఒకే ఇంట్లో మాటలు నేర్చుకున్నవాళ్లు కనుక అచ్చులు ఒకేలా పలుకుతారు, మాట ఎక్కడ తెంచాలో చూపులతోనే తెలిసిపోతుంది.

ఆ రాపిడి అంత స్పష్టంగా వినబడటానికి ఇంకో కారణం నిర్మాత. కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బృందంలో గిటార్ వాయించే రాబర్ట్ ఫ్రిప్ ఈ ఆల్బమ్ చేశారు. వినడానికే విచిత్రమైన జోడీ. ఆయన మాత్రం వీళ్ల మీద ఏ హంగూ రుద్దలేదు, ముగ్గురూ మన గదిలో నిలబడి పాడుతున్నట్టు ఉంచేశారు, ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది. ‘హామండ్ సాంగ్’ మధ్యలో మాత్రం తన గిటార్‌తో పొడవాటి తీగలాంటి నాదం ఒకటి సాగదీశారు. ఆల్బమ్ మొత్తంలో నాకు రోమాలు నిక్కబొడుచుకునే చోటు అదే.

ప్రశ్న: ఇంగ్లిష్ పాటల్లో మాటలు పట్టుకోవడం నాకు టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మొదటి పాటతోనే. ‘వీ’లో ముగ్గురూ పేర్లు చెప్పుకుని తమను తామే పరిచయం చేసుకుంటారు, అంతకంటే సులువైనది లేదు. తర్వాత టెర్రీ రాసిన ‘మిస్టర్ సెల్లాక్’, మానేసిన పాత ఉద్యోగం మళ్లీ ఇమ్మని యజమానిని బతిమాలే పాట, నవ్వొస్తుంది, అవమానమూ తెలుస్తుంది. సజీ రాసిన ‘ద ట్రెయిన్’లో రైల్లో పక్కసీట్లో ఒక భారీ మనిషి, ఇద్దరూ ఎవరి దిగులులో వాళ్లు. అంతే కథ. మాటలు పట్టుకునే పనే వద్దనుకుంటే 1982 నాటి ‘కీప్ ఆన్ డూయింగ్’ ఆల్బమ్‌లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త హ్యాండెల్ ‘హల్లెలూయా’ కోరస్ వినండి. పెద్ద బృందం, వాద్యగోష్ఠి కలిసి చేసే పనిని వాయిద్యం ఒక్కటీ లేకుండా ముగ్గురే నెట్టుకొచ్చారు. అందులోనూ కింద ఎవరున్నారో చెప్పక్కర్లేదు కదా.