మీ ప్రశ్నలు, మా జవాబులు: టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో శాంతిస్వరూప్

ప్రశ్న: దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు 2024 ఏప్రిల్ 5న హైదరాబాద్‌లో కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళి వ్యాసాలలో, ఆయన పదేళ్లపాటు టెలిప్రాంప్టర్ లేకుండానే వార్తలు చదివారన్న మాట తరచుగా కనిపించింది. చిన్నతనంలో ఆయన వార్తలు చూస్తూ పెరిగినదాన్నే అయినా, అందులోని కష్టమేమిటో నాకు అర్థం కాలేదు. ఎదురుగా కాగితాలు ఉండేవి కదా? వివరించగలరు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎదురుగా కాగితాలు ఉండడమే అసలు చిక్కు. రేడియోలో వార్తలు చదివేవారికి కాగితం మీదినుంచి కళ్లు తీయవలసిన అవసరం లేదు, "ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది..." అని మొదలుపెట్టి చివరి వాక్యం దాకా తల వంచుకునే చదివినా వినేవారికి తెలియదు. టీవీలో అలా చదివితే ప్రేక్షకులకు కనిపించేది నడినెత్తి. ఈ ఇబ్బందిని తీర్చడానికే టెలిప్రాంప్టర్ వచ్చింది. కెమెరా లెన్సు ముందు ఒక గాజు పలకను ఏటవాలుగా అమర్చి, కింద ఉన్న తెర మీది అక్షరాలు అందులో ప్రతిఫలించేటట్లు చేస్తారు. చదివేవారికి ఆ అక్షరాలు కనిపిస్తాయి, కెమెరాకు కనిపించవు. అందువల్ల వారు చదువుతున్నా మనకు మాత్రం మనతో మాట్లాడుతున్నట్లే ఉంటుంది.

అది లేనప్పుడు చేయగలిగిందల్లా, కాగితం వైపు ఒక్క చూపు చూసి వాక్యాన్ని మనసులోకి తీసుకొని, తల ఎత్తి చెబుతూ, తర్వాతి వాక్యం కాగితం మీద ఎక్కడ మొదలవుతుందో కూడా గుర్తుంచుకోవడం. మన భాషలో ఇది మరీ కష్టం, ఎందుకంటే తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది. "వరద బాధితులకు అందుతున్న సహాయం సరిపోవడం లేదన్న ప్రతిపక్షాల ఆరోపణను మంత్రి..." అన్నంతవరకు చదివినా, మంత్రి దానిని ఖండించారో అంగీకరించారో ఆఖరి మాట వచ్చేదాకా తేలదు. సగం వాక్యం పట్టుకొని తల ఎత్తినవారు ఆ ఆఖరి మాట కోసం మళ్లీ కిందికి చూడక తప్పదు. ఆ చూపు ఒక వరుస తప్పిందంటే వార్తే తలకిందులవుతుంది. పైగా ఇంగ్లీషులో వచ్చిన వార్తను గడియారం చూసుకుంటూ తెలుగు చేసినప్పుడు వాక్యాలు చాంతాడంత సాగుతాయని వార్తలను తర్జుమా చేసి దిద్దే డెస్కుల్లో పనిచేసినవారందరికీ తెలుసు (మా డెస్కు కూడా అందుకు మినహాయింపేమీ కాదు). అంకెల సంగతి వేరే చెప్పాలి. కాగితం మీద 14,62,000 అని ఉన్నదానిని నోరు తెరిచేలోగా పద్నాలుగు లక్షల అరవై రెండు వేలుగా మార్చుకోవాలి.

కనుక ఇందులో గొంతు పాత్ర కొంతే. వార్తను ముందుగా చదివి, ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద నిలవాలో నిర్ణయించుకొని, దాదాపు కంఠస్థం చేసుకొని కూర్చోవడంలోనే అసలు పని ఉంది. శాంతిస్వరూప్ గారి చదువులో తొందర గాని, తడబాటు గాని కనిపించేవి కావని ప్రేక్షకులు నేటికీ చెప్పుకోవడానికి ఆ సంసిద్ధతే కారణమని నా అభిప్రాయం.

ప్రశ్న: శాంతిస్వరూప్ గారిని కొందరు 'తొలి తెలుగు యాంకర్' అంటున్నారు, కొందరు 'తొలి న్యూస్ రీడర్' అంటున్నారు. ఏది సరైనది? ఉద్యోగంలో చేరిన చాలా కాలానికి గాని ఆయనకు వార్తలు చదివే అవకాశం రాలేదన్నది నిజమేనా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: నిజమే. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. శాంతిస్వరూప్ గారు 1978లో చేరారు, కాని తెలుగులో తొలి వార్తలు చదివింది 1983 నవంబరు 14న, అంటే బాలల దినోత్సవం నాడు. ఆ తర్వాత 2011లో పదవీ విరమణ చేసేవరకు చదువుతూనే ఉన్నారు. ఆయన సతీమణి రోజారాణి గారు కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివినవారే.

ఇక పేరు విషయానికి వస్తే, 'న్యూస్ రీడర్' అనడమే సరైనది. యాంకర్ అతిథులను ప్రశ్నిస్తారు, అడ్డుతగులుతారు, అప్పటికప్పుడు వ్యాఖ్యానిస్తారు. అప్పట్లో దూరదర్శన్‌లో వార్తలు చదివేవారికి ఆ వెసులుబాటు ఉండేది కాదు. న్యూస్‌రూమ్ రాసి ఇచ్చినదానికి ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చదవవలసి ఉండేది. 1995లో ప్రైవేటు ఛానళ్లు వచ్చేదాకా తెలుగు ఇళ్లలో టీవీ వార్తలంటే ఇవే కనుక, ఆ పరిమితిని ఎవరూ లోపంగా చూడలేదు. ఇప్పటి వాడుకను అప్పటికి అంటగట్టి 'యాంకర్' అనడం వల్ల ఆయనకు కొత్తగా వచ్చే గౌరవమేమీ లేదు.

ఆయన నవలలు కూడా రాశారన్న సంగతి చాలామందికి తెలియదు. ఒకటి సతీసహగమనాన్ని వ్యతిరేకిస్తూ రాసినది, మరొకటి క్రికెట్ పిచ్చి గురించి. ఇంకొకటి భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద. తెలుగు వార్తలు మొదలై ఏడాది దాటీ దాటకముందే, 1984 డిసెంబరులో ఆ దుర్ఘటన జరిగింది. తెర మీద తనకు వీల్లేని వ్యాఖ్యను ఆయన ఆ నవలల్లో రాసుకున్నారు.