కరోనా తగ్గి వస్తే రాజీనామా ఇవ్వమంటున్నారు

ప్రశ్న: ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ లైన్లో ఆరేళ్లుగా పర్మనెంట్ వర్కర్‌ని. జీతం 18,400 రూపాయలు. 2021 మే 3న కరోనా పాజిటివ్ వచ్చింది. రిపోర్టు సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో పెట్టి 21 రోజులు ఇంట్లోనే మందులు వాడాను. తగ్గాక వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. చెప్పకుండా మానేశానట, రాజీనామా రాసిస్తే లెక్క తేలుస్తారట. ఆ రోజుల జీతం కోశారు. అంతకుముందే మా లైన్లో ఇద్దరికి వచ్చినా మాకు చెప్పలేదు. ఏం చేయాలి?

జవాబు (2021 నాటి చట్టాల ప్రకారం): సంతకం మాత్రం పెట్టకండి. ఒకసారి పెట్టాక, బెదిరించి రాయించుకున్నారని నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది.

ఇప్పుడు పే స్లిప్ తీయండి. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద నెలకు 138 రూపాయలు కోస్తున్నారా? జీతం 21,000 లోపు కాబట్టి కోస్తూనే ఉండాలి. మిమ్మల్ని కాపాడేది ఆ 138 రూపాయలే. జబ్బుకు చికిత్సలో ఉన్న ఉద్యోగిని తీసేయడం, శిక్షించడం ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం కుదరదు. ఆ రోజుల్లో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లనే చెల్లదు.

జీతం సంగతి వేరు. పెయిడ్ లీవు వాడుకోకపోతే ఆ రోజులకు యజమాని జీతం ఇవ్వాల్సిన పని లేదు, ఈఎస్ఐ ఇస్తుంది. సగటు రోజు వేతనంలో 70 శాతం, మొదటి రెండు రోజులు మినహా. ఇక్కడో మెలిక ఉంది. మేలో వచ్చిన జబ్బుకు 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందా చూస్తారు. అందులో చందా కట్టిన రోజులు కనీసం 78 ఉండాలి. లాక్‌డౌన్లో ఫ్యాక్టరీ మూసి, జీతం ఇవ్వని రోజులు ఆ లెక్కలోకి రావు. పాత స్లిప్పులు చూసి లెక్కేసుకోండి.

మీరు ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లినట్టు రాయలేదు. ఆ సర్టిఫికెట్లు లేకపోతే టెస్ట్ రిపోర్టు, డాక్టరు చీటీ పట్టుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్లి, వాటినే ప్రత్యామ్నాయ సాక్ష్యంగా తీసుకోమని అర్జీ పెట్టండి. ఇది ఆలస్యం చేయొద్దు, 73వ సెక్షన్ రక్షణకూ ఈ కాగితాలే ఆధారం. 'చెప్పకుండా మానేశావు' అన్నదానికి ఆ వాట్సాప్ మెసేజే సమాధానం. నీలం టిక్కులు పడి ఉంటే మరీ మంచిది. స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు, కేసు తేలేదాకా ఫోను అమ్మకండి, మార్చకండి.

లైన్లో ఇద్దరికి వచ్చినా దాచడం నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. కార్మికుల ఆరోగ్య భద్రత చూడటం ఫ్యాక్టరీల చట్టం 7ఏ సెక్షన్ ప్రకారం యజమాని బాధ్యత. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయండి. ఎవరు చేశారన్నది ఆయన బయటపెట్టకూడదు, చట్టంలోనే ఉంది. మీతో పనిచేసేవాళ్లూ భయపడక్కర్లేదు.

ఈరోజే మేనేజ్‌మెంట్‌కు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి: 'జబ్బు తగ్గింది, పనికి సిద్ధంగా ఉన్నాను, ఫలానా తేదీన గేటు దగ్గర ఆపారు.' అంతే, తిట్లూ బతిమాలడాలూ వద్దు. అయినా తీసుకోకపోతే కార్మిక శాఖ రాజీ అధికారి దగ్గర వివాదం వేయండి. 45 రోజులు దాటినా తేలకపోతే మీరే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు. దానికి 2021 నాటి చట్టంలో గడువు తొలగించిన నాటి నుంచి మూడేళ్లు. పోస్టాఫీసు రసీదు మాత్రం భద్రంగా ఉంచుకోండి.