టిఫిన్, టీవీ, ఆట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మీ వీధి హోటల్ గురించి, మీరు ఇష్టపడే టీవీ హాస్యం గురించి, మీరు అభిమానించే ఆట గురించి రాయమని కిందటి సంచికలో అడిగాము. ఉభయ గోదావరి జిల్లాల నుంచి, కోనసీమ నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. చాలామంది ‘ఇవి చిన్న విషయాలు, క్షమించండి’ అంటూ మొదలుపెట్టారు. రోజూ తినేదాని గురించి, రోజూ నవ్వించేదాని గురించి, గొంతు పోయేలా అరిచేదాని గురించి అడగడానికి క్షమాపణ అక్కరలేదు. ‘బాగుంది’ అని ఊరుకోకుండా ఏది ఎందుకు బాగుందో రాసిన ఉత్తరాలకే ఈసారి ముందుగా జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా బస్టాండు దగ్గర ఒక పాత పాక హోటల్, ఒక కొత్త ఏసీ హోటల్ ఉన్నాయి. కొత్తదానిలో పెసరట్టు పల్చగా కరకరలాడుతుంది, పాతదానిలో కాస్త మందంగా, మెత్తగా ఉంటుంది. మా వారికి కొత్తది ఇష్టం, మా అత్తయ్యగారికి పాతది ఇష్టం. ఏది అసలైన పెసరట్టు?
– ఒక గృహిణి, రామచంద్రపురం

జవాబు: రెండూ అసలైనవేనమ్మా. పెసరట్టు మంచిచెడ్డలు పిండిలో ఉంటాయి గాని మందంలో ఉండవు. దోసె పిండిలాగా ఈ పిండిని పులియబెట్టరు. పొట్టుతో ఉన్న పెసలను నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బి, ఆ తాజాదనం పోకముందే పెనం ఎక్కిస్తారు. కరకరలాడాలనుకున్నవారు గుప్పెడు బియ్యం కలుపుతారు. మీ కొత్త హోటల్ వారు ఆ గుప్పెడును కొంచెం పెద్దది చేసి ఉంటారని నా ఊహ. అందులో తప్పేమీ లేదు. అయితే బియ్యం పెరిగినకొద్దీ పెసల కమ్మదనం తగ్గి అట్టు దోసె రుచిలోకి జారిపోతుంది. అందుకని నా సలహా ఏమిటంటే, మీరు ముగ్గురూ ఉదయం ఏడింటికి కాకుండా పదింటికి వెళ్లి రెండుచోట్లా తినండి. తెల్లవారుజామున ఒకేసారి రుబ్బి గంగాళం నింపుకున్నవారి పిండి ఆ వేళకు రంగు తగ్గి, వాసన మారి ఉంటుంది. వాడుతున్నకొద్దీ మళ్లీ మళ్లీ రుబ్బుకునేవారి పిండి అప్పుడు కూడా పచ్చగా ఉంటుంది. ఏ హోటల్ వారు ఆ శ్రమ పడుతున్నారో మీ వాదన అక్కడే తేలిపోతుంది.

నా ఇష్టం కూడా చెప్పాలి కదా. మా ఇంటికి దగ్గరలో కాలువగట్టు మీద బోర్డు కూడా లేని ఒక పాక హోటల్ ఉంది. అక్కడి అమ్మ పెనం మీద నీళ్లు చిలకరించి, సగానికి కోసిన ఉల్లిపాయతో తుడిచి, గరిటెడు పిండి వేసి, గరిటె వీపుతో నాలుగు చుట్లు తిప్పుతుంది. ఉల్లిముక్కలు, అల్లం తరుగు, జీలకర్ర చల్లి, వాటిని అట్లకాడతో మెల్లగా అదిమి, చుట్టూ నూనె వేసి, అంచు దానంతటది లేచేదాకా ముట్టుకోదు. వెనక ఎంతమంది తొందరపెట్టినా ముట్టుకోదు. అంచు విరిగేలాగా, నడుమ మెత్తగా వచ్చిన ఆ అట్టులో ఉప్మా పెట్టి, పక్కన బెల్లం తగిలిన అల్లం పచ్చడి వేసి ఇస్తే, ఇంకొకచోటికి వెళ్లాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు.

అన్నట్టు, మీ అత్తయ్యగారికి మెత్తని టిఫిన్ ఇష్టమంటున్నారు గనుక ఒకసారి అంబాజీపేట తీసుకువెళ్లి పొట్టిక్కలు తినిపించండి. పనసాకులను పుల్లలతో బుట్టలాగా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన ఇడ్లీ రేకుల్లో ఉడికిన ఇడ్లీకి రాదు.

ప్రశ్న: ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి వచ్చిన మా వియ్యంకులను ఒక హోటల్‌కు తీసుకువెళ్లి పులస పులుసు పెట్టించాను. ఖరీదు చాలా తీసుకున్నారు. మా బావమరిది అది పులస కాదంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ బావమరిది గారి మాట నిజమని నేను నమ్ముతున్నాను. సముద్రంలో ఉన్నన్నాళ్లు ఇలస అనిపించుకునే చేప, వరదకాలంలో గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చాకే పులస అనిపించుకుంటుంది. ఆ కాలం సుమారుగా జూలై నుంచి సెప్టెంబరు వరకు. ఫిబ్రవరిలో నదిలో ఎర్రనీరు లేదు, పులస కూడా లేదు. నేను కూడా ఒకసారి సంక్రాంతి రోజుల్లో బోర్డు చూసి, బంధువుల ముందు గొప్పకు పోయి తిన్నాను. ముల్లు పులసదే అనిపించింది, రుచి మాత్రం కాదు. ఇలసను ఇలస అనే అమ్మితే దానికి తగిన ధరకు మనం సంతోషంగా తింటాము, అదీ మంచి చేపే. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అనే సామెతను అడ్డుపెట్టుకుని వేరే చేప వడ్డించడం నాకు బాధ కలిగిస్తుంది. మీ వియ్యంకులను ఆగస్టులో మళ్లీ పిలవండి. హోటల్ సంగతి వదిలేసి, ఇంట్లోనే మట్టిదాకలో, బెండకాయలు వేసి, సన్నని సెగ మీద కాచి, ఒక రాత్రి ఉంచి మర్నాడు వడ్డించండి.

ప్రశ్న: టీవీ స్కిట్లలో గోదావరి మనిషి అనగానే ప్రతి మాటకూ ‘ఆయ్’ అంటాడు, తిండిపోతుగా ఉంటాడు. హాస్టల్లో నా స్నేహితురాళ్లు నన్ను కూడా ‘ఆయ్’ అనే పిలుస్తున్నారు. నవ్వాలో కోప్పడాలో తెలియడం లేదు.
– ఒక కళాశాల విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: అల్లు రామలింగయ్య గారు పుట్టిన ఊరి అమ్మాయి ఈ ప్రశ్న అడగడం నాకు ఎంతో నచ్చింది. ఆయన పాలకొల్లువారు, సునీల్ గారు భీమవరంవారు. తెలుగువారిని నవ్వించిన గొంతులు ఇక్కడివి ఎన్నో ఉన్నాయి. కాబట్టి మన యాస మీద నవ్వు పుట్టడం తప్పు కాదు. అయితే ఆ నవ్వు యాస తెలిసి పుట్టాలి. మన వైపు ‘ఆయ్’ అనేది ఎదుటివారి మాటను విన్నామని, ఒప్పుకున్నామని వినయంగా తెలియజేసే మాట. పెద్దలు పని చెబితే ‘ఆయ్’ అంటాము. మన సొంత వాక్యం చివర తోకలాగా తగిలించుకోము. స్కిట్ రాసేవారు ఒక్క పూట మన ఊళ్లో కూర్చుని వింటే ఈ తేడా తెలుస్తుంది.

విని ఉంటే వారికి ఇంకా మంచి హాస్యం దొరికేది కూడా. మన మాటలోని హాస్యం మర్యాదలోంచి పుడుతుంది. ఒకరోజు రావులపాలెంలో కిక్కిరిసిన బస్సు మెట్టు మీద వేలాడుతున్న కుర్రవాడితో కండక్టరు గారు, ‘తమరు లోపలికైనా దయచేయండి, కిందికైనా దయచేయండి, మెట్టు మీద మాత్రం కాపురం పెట్టకండి బాబూ’ అన్నారు. కోపం ఎంత ఉందో అంత మర్యాదా ఉంది. బస్సంతా నవ్వింది, ఆ కుర్రవాడూ నవ్వి లోపలికి వచ్చాడు. 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలైన తరువాత పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి వచ్చిన కళాకారులకు పెద్ద తెర దొరికింది, అందుకు నాకు సంతోషమే. కానీ స్కిట్ కార్యక్రమాలు వారం వారం నవ్వించాలన్న తొందరలో యాసను, శరీరాన్ని, ఆడవేషాన్ని సులువైన దారిగా ఎంచుకున్నప్పుడల్లా నేను టీవీ కట్టేస్తాను. మీరు మీ స్నేహితురాళ్లతో కోప్పడవద్దు. వారు ‘ఆయ్’ అని పిలిస్తే, దాన్ని ఎప్పుడు, ఎవరితో, ఏ స్వరంతో అంటారో నేర్పండి. సరిగ్గా పలకడం వచ్చాక ఎగతాళి చేయాలని వారికే అనిపించదు.

ప్రశ్న: మా నాన్నగారు ‘అమృతం’ ఎపిసోడ్లు ఫోన్‌లో మళ్లీ మళ్లీ చూస్తారు. ఆయనకు డైలాగులన్నీ కంఠతా వచ్చు. తెలిసిన హాస్యానికి ఇంకా నవ్వు ఎలా వస్తుంది?
– ఒక బ్యాంకు ఉద్యోగి, తణుకు

జవాబు: 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా, మూడు వందలకు పైగా భాగాలు నడిచిన ధారావాహిక అది. అమృతం పాత్రను మొదట శివాజీరాజా గారు, తరువాత నరేష్ గారు, ఆ తరువాత హర్షవర్ధన్ గారు వేశారు. ముఖ్యపాత్రధారి మారితే ధారావాహిక కూలిపోవాలి. ఇది నిలబడిందంటే, ఆంజనేయులుగా మొదటి నుంచి చివరిదాకా ఉన్న గుండు హనుమంతరావు గారి సమయజ్ఞానం ఒక కారణమని నా అభిప్రాయం. మాట అనే ముందు ఆయన ఆగే ఆ అరక్షణం చూడండి. 2018లో ఆయన పోయినప్పుడు మా ఇంట్లో ఆత్మీయులు పోయినట్టే అనిపించింది. ఇక రెండో కారణం, ఆ కథ నడిచే చోటు. హోటల్ నడుపుకునే ఇద్దరు స్నేహితులు, వడ్డించే సర్వం, అద్దె కోసం వచ్చే అప్పాజీ. ఏ మలుపైనా చివరికి ఆ హోటల్ గల్లాపెట్టె దగ్గరికే వస్తుంది. మీ నాన్నగారు డైలాగు కోసం ఎదురుచూడడం లేదు, ఆ మనుషులను పలకరించడానికి వెళుతున్నారు. ఈసారి పక్కన కూర్చుని చూడండి.

ప్రశ్న: సాత్విక్‌ను చూసి మా తొమ్మిదేళ్ల బాబు బ్యాడ్మింటన్ ఆడతానంటున్నాడు. రోజంతా స్మాష్ కొట్టడమే. ప్రోత్సహించమంటారా?
– ఒక తండ్రి, అమలాపురం

జవాబు: తప్పకుండా ప్రోత్సహించండి, కానీ స్మాష్ సంగతి కాస్త మాట్లాడుకోవాలి. 2023లో సాత్విక్‌సాయిరాజ్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుగా నమోదైంది. అది మ్యాచ్‌లో కాదు, కొలతకోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన చోట నమోదైన వేగం. పదహారు ఈకలతో, ఐదు గ్రాములంత బరువుతో ఉండే షటిల్ బ్యాటును వదిలిన వెంటనే గాలికి వేగం కోల్పోతుంది గనుక, అవతలివారు ఆ దెబ్బను తిరిగి లేపగలుగుతారు. అప్పుడు తరువాతి దెబ్బ ఎవరు వేయాలో, ఎక్కడ నిలబడాలో జంటకు తెలిసి ఉండాలి. డబుల్స్ అంటే అదే.

మన ఊరి కుర్రవాడు, చిరాగ్ శెట్టి కలిసి సాధించినవాటిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది 2022 మే నెలలో బ్యాంకాక్‌లో ఇండోనేషియా మీద, పురుషుల జట్ల పోటీ అయిన థామస్ కప్ ఫైనల్లో ఆడిన డబుల్స్ మ్యాచ్. మొదటి గేమ్ 18-21తో పోయింది, రెండోది 23-21, మూడోది 21-19. రెండో గేమ్‌లో ఓటమి అంచుకు వెళ్లి వెనక్కి వచ్చారు. అమలాపురంలో మా వీధి అరుగు మీద ఒకే ఫోన్ చుట్టూ పదిమంది తలలు పెట్టి చూశాము. ఆఖరి పాయింటుకు ఫోన్ ఎవరి చేతిలోంచో జారి ఇసుకలో పడింది, ఎవరూ తీయలేదు. మరుసటి సంవత్సరం హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, ఆ వెంటనే ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానం వచ్చాయి. 2024లో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో మొదటి గేమ్ 21-13తో గెలిచి కూడా మలేషియా జంట చేతిలో ఓడిపోయారు. మీ బాబుకు ఈ రెండు మ్యాచ్‌లూ చూపించండి. ముందు ఈడైన ఒక జోడీని వెతకండి, సర్వీసు, రిటర్ను ఓపికగా నేర్పించండి. ఈకల షటిల్ ఖర్చు ఎక్కువ, త్వరగా పాడవుతుంది. మొదట్లో నైలాన్ షటిల్ చాలు. సాత్విక్ తండ్రి గారు వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేశారు. మీకు ఆ అనుభవం లేకపోయినా, బాబు ఆడే రోజున వెళ్లి గట్టు మీద కూర్చోండి.

ప్రశ్న: ప్రో కబడ్డీలో నేను తెలుగు టైటాన్స్ అభిమానిని. స్నేహితులు ఎగతాళి చేస్తున్నారు. జట్టు మార్చుకోవాలా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మార్చుకోవద్దు. 2014లో లీగు మొదలైనప్పటి నుంచి మన జట్టుకు కప్పు రాలేదు, 2021 నుంచి 2024 మధ్య వరుసగా మూడు సీజన్లు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2023లో 2.6 కోట్ల రూపాయలకు పైగా పెట్టి పవన్ సెహ్రావత్‌ను తెచ్చుకున్నా ఆ సీజన్‌లో కూడా రాత మారలేదు. అయినా ముగ్గురే మిగిలినప్పుడు రైడర్‌ను పట్టి సూపర్ ట్యాకిల్ చేసిన క్షణంలో, చిన్నప్పుడు కోసిన వరిచేలో చెడుగుడు ఆడినవాడికి కలిగే ఆనందం గెలిచే జట్టును అరువు తెచ్చుకుంటే కలగదు.

ప్రశ్న: నేను, నా భార్య సాయంత్రం టిఫిన్ బండి నడుపుతున్నాము. ఐపీఎల్ రోజుల్లో టీవీ పెడితే జనం వస్తున్నారు గాని, ఒక టీ తాగి మూడు గంటలు బల్ల వదలడం లేదు. తీసేయాలా?
– ఒక చిరువ్యాపారి, రావులపాలెం

జవాబు: తీసేయకండి, ఆటకు తగ్గట్టు పొయ్యి నడపండి. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండున్నర నిమిషాల టైమ్ అవుట్లు రెండు ఉంటాయి, రెండు ఇన్నింగ్స్ మధ్య పెద్ద విరామం ఉంటుంది. ఓవరు నడుస్తుండగా ఎవరూ లేవరు. ఆ విరామంలో అందరూ ఒకేసారి అడుగుతారు. అప్పుడు దోసె మొదలుపెడితే ఇద్దరికి కూడా అందదు. పునుగులు, బజ్జీలు, గారెలు విరామానికి ముందే వాయి దించి, పొట్లాలు కట్టి, మీ అబ్బాయి చేత బల్లల దగ్గరికే పంపండి. దోసెలు, అట్లు పెద్ద విరామానికి ఉంచండి. టీవీని బండికి ఎదురుగా కాకుండా పక్కగా తిప్పితే, నిలబడి చూసేవారికి బల్ల అవసరం ఉండదు, కూర్చుని తినేవారికి చోటు దొరుకుతుంది. మీ భార్యగారు పెనం దగ్గరి నుంచి స్కోరు చూడగలిగేలా మాత్రం పెట్టండి.