హెడర్ పెట్టినా ఎర్రర్ పోవట్లేదంటే

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు మీద చక్కగా నడిచిన టీసీపీ క్లయింట్ ప్రోగ్రామ్‌ని (నెట్‌వర్క్‌లో సర్వర్‌కి కనెక్ట్ అయ్యేది, సీ భాషలో రాసింది) ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో మింగ్‌డబ్ల్యూ జీసీసీతో (విండోస్‌లో నడిచే సీ కంపైలర్) బిల్డ్ చేస్తే మొదట 'సిస్/సాకెట్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంది. దాన్ని తీసేసి విన్‌సాక్2.హెచ్ పెట్టి, విండోస్‌లో సాకెట్ల వాడకాన్ని మొదలుపెట్టే డబ్ల్యూఎస్ఏస్టార్టప్ కూడా రాశాను. ఇప్పుడు ఆ స్టార్టప్‌కీ, సాకెట్, కనెక్ట్, సెండ్ అన్నిటికీ 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటోంది. హెడర్ ఉంది కదా, ఇంకేం కావాలి? కంపైలర్ పాడైందేమోనని మళ్లీ ఇన్‌స్టాల్ కూడా చేశాను. ల్యాబ్ పరీక్ష దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.
ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: కంపైలర్ బాగానే ఉందమ్మా, దాని జోలికి మళ్లీ వెళ్లకండి. మీకు వచ్చిన రెండు ఎర్రర్లూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవి. మొదటిది కంపైల్ మొదలైన క్షణంలోనే, హెడర్ ఫైలు దొరక్క వచ్చింది. రెండోది వచ్చేసరికి కంపైలర్ తన పని పూర్తి చేసేసింది, ఆ మాట అంటున్నది లింకర్, అంటే కంపైలైన కోడ్‌ని లైబ్రరీలతో కలిపి ప్రోగ్రామ్‌గా చేసేది. ఎర్రర్ లైన్లలో 'ఎల్‌డీ' అనే పేరు ఎక్కడైనా ఉందేమో చూడండి, అదే లింకర్. హెడర్‌లో ఉండేది ఫంక్షన్ పేరు, దానికి ఏమివ్వాలి, తిరిగి ఏం వస్తుంది అన్నంత వరకే. అసలు కోడ్ విండోస్‌లో డబ్ల్యూఎస్2_32 అనే లైబ్రరీలో ఉంటుంది, దాన్ని కలపమని మనమే చెప్పాలి. లైనక్స్‌లో సాకెట్ ఫంక్షన్లు మామూలు సీ లైబ్రరీలోనే ఉంటాయి, అది దానంతటదే కలుస్తుంది, అందుకే ల్యాబ్‌లో ఈ అవసరం రాలేదు.

బిల్డ్ కమాండ్ చివర, మీ సోర్స్ ఫైలు పేరు తర్వాత, -ఎల్ అని రాసి ఖాళీ వదలకుండా డబ్ల్యూఎస్2_32 చేర్చండి. 'తర్వాత' అన్నది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, లైబ్రరీ ముందే కనిపిస్తే అప్పటికి ఎవరికీ దానితో పనిలేదు కాబట్టి వదిలేసి ముందుకు పోతుంది, ఆ తర్వాత మీ ఫైలు వచ్చి సాకెట్ కావాలంటే మళ్లీ అదే ఎర్రర్. లైబ్రరీ పేరు సరిగ్గా రాసి కూడా చాలామంది ఇక్కడే ఆగిపోతుంటారు. కోడ్‌బ్లాక్స్ వాడుతుంటే ప్రాజెక్ట్ బిల్డ్ ఆప్షన్స్‌లో లింకర్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఆ పేరు చేర్చండి. విజువల్ స్టూడియో కోసం రాసిన ప్రోగ్రామ్‌లలో 'ప్రాగ్మా కామెంట్ లిబ్' అనే లైన్ ఉంటుంది, మింగ్‌డబ్ల్యూ జీసీసీ దాన్ని పట్టించుకోదు, దాని మీద ఆధారపడకండి.

ఇంకొకటి, విండోస్.హెచ్ కూడా వాడుతుంటే విన్‌సాక్2.హెచ్ దానికంటే పైన ఉండాలి. విండోస్.హెచ్ ముందు వస్తే పాత విన్‌సాక్ 1.1 హెడర్‌ని వెంటబెట్టుకొస్తుంది, విజువల్ స్టూడియోలోనైతే 'రీడెఫినిషన్' అంటూ ఎర్రర్లు వరుసకడతాయి. మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 అయితే క్రమం మార్చమని వార్నింగ్‌లోనే చెబుతుంది. వార్నింగే కదా అని దాటేయకండి, చదవండి. తెరమీద వంద లైన్లు వచ్చినా పైకి స్క్రోల్ చేసి మొట్టమొదటి ఎర్రర్‌నే పట్టుకోండి, కింద వచ్చేవి చాలావరకు దాని వల్ల పుట్టినవే.

లైనక్స్ ప్రోగ్రామ్‌లో మెమరీని సున్నాలతో నింపే బీజీరో ఉంటే తీసేసి మెమ్‌సెట్ పెట్టండి. సాకెట్ మూయడానికి క్లోజ్ కాదు, క్లోజ్‌సాకెట్ వాడాలి. క్లోజ్ అనే ఫంక్షన్ విండోస్‌లోనూ ఉంది, కానీ అది ఫైళ్లకు, కాబట్టి ఎర్రర్ లేకుండా బిల్డ్ అయిపోయి సాకెట్ మాత్రం తెరిచే ఉండిపోవచ్చు. బిల్డ్ ఎర్రర్ల కంటే నాకు ఇలాంటివే ఎక్కువ ప్రమాదం అనిపిస్తాయి.

బిల్డ్ అయ్యాక కూడా సాకెట్ ఫంక్షన్ ఫెయిలైతే డబ్ల్యూఎస్ఏగెట్‌లాస్ట్‌ఎర్రర్‌ని వెంటనే పిలిచి ఆ నంబర్ ప్రింట్ చేయండి. 10093 వస్తే డబ్ల్యూఎస్ఏస్టార్టప్ జరగలేదు లేదా ఫెయిలైంది. 10061 వస్తే మీ క్లయింట్ వైపు పని చాలావరకు అయినట్టే, అవతల ఆ పోర్టులో సర్వర్ నడుస్తోందా, పోర్టు నంబర్‌ని హెచ్‌టాన్స్‌లో (బైట్ల క్రమాన్ని నెట్‌వర్క్ పద్ధతికి మార్చే ఫంక్షన్) పెట్టారా అన్నది చూసుకోండి.