ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో దేవునితో మాట్లాడితే అది ప్రార్థన అవుతుందా?

ప్రార్థనకు కూర్చుంటే పాస్టరుగారిలా పెద్ద మాటలు రావడం లేదని, మామూలు మాటల్లో చెప్పుకుంటే దేవుడు దాన్ని ప్రార్థనగా ఎంచుతాడా అని మీరు అడిగారు. ఎంచుతాడనే నా సమాధానం, అయితే ఆ సంగతి తెలియడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

మాది గుంటూరు దగ్గరి పల్లె. 1842లో హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చి ఆరంభించిన లూథరన్ మిషన్ సంప్రదాయంలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక, ఆరాధన క్రమంలోని ప్రార్థనలు చిన్నప్పుడే నాకు కంఠతా వచ్చేశాయి. ఇంట్లో ప్రార్థన చేయమన్నా "మహా ఘనుడవైన దేవా" అని మొదలుపెట్టి "యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము" అని ముగించేవరకు నా సొంత మాట ఒక్కటీ ఉండేది కాదు. మా అమ్మమ్మ తీరు వేరు. చదువు రాని మనిషి. మిరపకాయలకు తొడిమలు తీస్తూ, పక్కన ఎవరో కూర్చున్నట్టే, "అయ్యా, ఈ పూట నడుము లేవడం లేదు, నీకు తెలుసుగా. పిల్లాడికి జ్వరం తగ్గలేదు, కాస్త చూడు" అని చెప్పుకుంటూ పోయేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే వారికి జవాబిచ్చి, ఆగినచోటి నుంచే మళ్లీ అందుకొనేది. అది చాదస్తమని నవ్వుకునేవాణ్ణి.

తరువాత పొలం పంపకాల్లో మా అన్నయ్యకూ నాకూ గట్టు దగ్గర తగాదా వచ్చింది. దాదాపు ఏడాదిపాటు రోజూ రాత్రి మోకరించి "మా కుటుంబమునకు సమాధానము దయచేయుము" అని ప్రార్థించాను, లేచాక మాత్రం అదే మంట. ఒక రాత్రి మోటారు వేసి, మడికి నీళ్లు ఎక్కేవరకు అదే గట్టు మీద కూర్చున్నప్పుడు, "ప్రభువా, నాకు సమాధానం అక్కరలేదు, అన్నయ్య ఓడిపోతే చూడాలని ఉంది" అన్న మాట నా నోటి నుంచి వచ్చేసింది. అన్నాక భయపడ్డాను, కానీ ఆ ఏడాదంతటిలో దేవునికి నేను చెప్పిన మొదటి నిజం అదే. దాని వెనకే ఇంకొకటి బయటపడింది: నాన్నగారు చివరి రోజుల్లో నన్ను కాక అన్నయ్యను దగ్గర ఉండమన్నారన్నదే నా బాధ, గట్టు కాదు.

ఇలా మాట్లాడటం అమర్యాద కాదా అని మీకు అనిపించవచ్చు. నాన్నగారిని నేను జీవితాంతం "మీరు" అనే పిలిచాను, దేవుణ్ణి మాత్రం మన తెలుగు ప్రార్థనలన్నీ "నీవు" అనే పిలుస్తాయి. అంత చనువు మన భాషే ఇచ్చాక దాచుకోవడం ఎందుకు? 13వ కీర్తనలో దావీదు "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని నిలదీస్తూనే మొదలుపెట్టాడు. షిలోహు మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ గుండె కుమ్మరించుకున్న హన్నాను చూసి, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. నెహెమ్యా అయితే, పారసీక రాజు అర్తహషస్త "నీకేమి కావాలి" అని అడిగిన ప్రశ్నకూ తాను చెప్పిన జవాబుకూ నడుమ, నిలబడినచోటనే దేవునికి ప్రార్థన చేశాడు. ఆ కాస్త వ్యవధిలో పెద్ద మాటలు కూర్చుకోవడానికి చోటెక్కడిది! గెత్సేమనే తోటలో యేసు వాడిన "అబ్బా" కూడా ఇంట్లో తండ్రిని పిలిచే అరమయిక్ మాటే.

కంఠతా వచ్చిన ప్రార్థనలు దండగని మాత్రం నేను అనను. అమ్మ చనిపోయిన వారంలో నా మాటలన్నీ ఎండిపోతే, పరలోక ప్రార్థన ఒక్కటే నన్ను నడిపించింది. ఇంకొక మాట, మనమే వాగుతూ పోతే అది సంభాషణ కాదు. అందుకే నేను ఉదయం పశువులకు మేత వేశాక ఒక కీర్తన చదివి, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పి, కాసేపు ఊరకే కూర్చుంటాను. చాలా రోజులు ఏమీ వినబడదు. అయినా కూర్చుంటాను, అమ్మమ్మ కూడా జవాబు కోసం తొడిమలు తీయడం ఆపేది కాదు.

అన్నయ్యా నేనూ ఇప్పుడు ఎదురుపడితే పలకరించుకుంటాం, నీళ్ల వంతు గురించి మాట్లాడుకుంటాం, అంతకు మించి ఇంకా సాగడం లేదు. నిన్న ఉదయం ఆ సంగతే చెప్పాను దేవునికి.