క్లస్టర్‌లో కనిపించిన స్టేషన్ తిరుపతిలో ఎందుకు వినిపించదు?

మీరు అడిగినవి రెండు. దూరదేశపు స్టేషన్ బ్యాండ్ మీదికి వచ్చిన నిమిషానికే మిగతా హ్యాములకు, అంటే లైసెన్సుతో సరదాగా రేడియో నడిపేవాళ్లకు, ఎలా తెలుస్తోంది? తెలిశాక కూడా మీ రిగ్‌లో (రేడియో సెట్‌లో) అది ఎందుకు వినిపించడం లేదు? మొదటిదానికి జవాబు చిన్నదే.

అది డీఎక్స్ (దూరదేశపు స్టేషన్ల) క్లస్టర్ పని. ప్రపంచమంతటా ఒకదానికొకటి కలిసి ఉన్న సర్వర్లు ఇవి. ఎవరో ఒక స్టేషన్‌ను విని కాల్‌సైన్ (ఆ స్టేషన్ గుర్తింపు పేరు), ఫ్రీక్వెన్సీ టైప్ చేసి పంపుతారు. దాన్నే స్పాట్ అంటాం. క్షణాల్లో అందరి స్క్రీన్ల మీదికి వచ్చేస్తుంది. 1980ల చివర్లో ఇంటర్నెట్ లేకుండా ప్యాకెట్ రేడియో (రేడియో ద్వారానే కంప్యూటర్ డేటా పంపే పద్ధతి) మీదే ఇదంతా నడిచేది. ఇప్పుడు లాగింగ్ సాఫ్ట్‌వేర్‌ను (మాట్లాడిన స్టేషన్ల వివరాలు రాసుకునేదాన్ని) టెల్నెట్ అనే ఇంటర్నెట్ పద్ధతితో క్లస్టర్‌కు కలిపితే చాలు. టైమ్ యూటీసీలో (అంతర్జాతీయ సమయంలో) ఉంటుంది, మన టైమ్ కావాలంటే అయిదున్నర గంటలు కలుపుకోండి.

ఇక రెండోది. కొత్తవాళ్లు స్పాట్‌లో అరుదైన కాల్‌సైన్ ఒక్కటే చూస్తారు. నేను ముందు చూసేది ఆ స్పాట్ ఎవరు పెట్టారన్నది. మారిషస్ స్టేషన్‌ను ఇటలీలో ఎవరో విన్నారంటే అది ఇటలీ సంగతి. మన తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ వాళ్లు పరిశీలించే అయనోస్ఫియరే (ఎగువ వాతావరణంలోని విద్యుదావేశ పొరే) మన సిగ్నళ్లనూ వంచి పంపేది. అదే గంటలో అది ఇటలీ మీద ఒకలా, మన మీద ఇంకోలా ఉంటుంది.

పైగా మనకు కొండ ఉంది. నేనుండేది కపిలతీర్థం వైపు, మిద్దె మీద 20 మీటర్ల బ్యాండ్ డైపోల్ (తీగ యాంటెన్నా). యూరప్ మనకు వాయవ్యంలో ఉంటుంది, సరిగ్గా అటువైపే శేషాచలం అడ్డం. దూరపు సిగ్నల్ ఎక్కువగా నేలబారుగా వస్తుంది కాబట్టి చాలావరకు అక్కడే ఆగిపోతుంది. చిత్తూరులో ఉన్న మిత్రుడు హాయిగా మాట్లాడేసే జర్మనీ స్టేషన్ నాకు నాయిస్‌లో అంతంతమాత్రంగా తగులుతుంది. దక్షిణం తెరిపి కాబట్టి ఇండోనేషియా, ఆస్ట్రేలియా బాగా దొరుకుతాయి.

అందుకే క్లస్టర్‌లో ఫిల్టర్ పెట్టుకోండి. హ్యాములు ప్రపంచాన్ని సీక్యూ జోన్లని భాగాలు చేసుకున్నారు. స్పాట్ పెట్టినవాళ్లు వాటిలో జోన్ 22లో, అంటే భారత్, శ్రీలంక, నేపాల్ చుట్టుపక్కల ఉంటేనే చూపించమనండి. మరీ ఖాళీగా అనిపిస్తే గల్ఫ్ వైపు 21, థాయ్‌లాండ్ వైపు 26 కలపండి. స్క్రీన్ మీద వరద తగ్గుతుంది, వచ్చిన నాలుగింటిలో రెండైనా వినిపిస్తాయి.

మన సిగ్నల్ ఎక్కడిదాకా పోతోందో కూడా ఇలాగే తెలుసుకోవచ్చు. మోర్స్‌లో సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) కొడితే రివర్స్ బీకన్ నెట్‌వర్క్‌లో మనుషుల ప్రమేయం లేకుండా రిసీవర్లే విని, మీ సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్ ఉందో, మీ వేగం ఎంతో చూపిస్తాయి. 14.074 మెగాహెర్ట్జ్‌లో ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో నడిచే డిజిటల్ పద్ధతి) నడిపితే పీఎస్‌కే రిపోర్టర్ అనే వెబ్‌సైట్ మ్యాప్‌లో మిమ్మల్ని విన్నవాళ్లంతా కొద్ది నిమిషాల్లో కనిపిస్తారు. యాంటెన్నా మార్చిన ప్రతిసారీ నేను ముందు చూసేది ఆ మ్యాపే. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా రిగ్‌కు ఎంత కుదిరిందో చూపేది) బాగుందంటే సిగ్నల్ పోతోందని కాదు కదా!

స్పాట్‌లో ‘అప్ 5’ అని ఉంటే ఆ స్టేషన్ 5 కిలోహెర్ట్జ్ పైన వింటోందని. అతని ఫ్రీక్వెన్సీలోనే పిలిస్తే పైలప్‌లో (ఒకే స్టేషన్‌ను ఒకేసారి పిలిచే గుంపులో) అందరూ తిడతారు. ఎవరికీ దొరకని దేశం ఒకే ఒక్క స్పాట్‌లో కనిపిస్తే టైపింగ్ తప్పేమో అని అనుమానించండి. రెండో మనిషి కూడా పెట్టేదాకా నేను టెన్షన్ పడను. మీరు స్పాట్ పెట్టేటప్పుడూ అంతే, కాల్‌సైన్ మీ చెవులతో పూర్తిగా విన్నాకే పెట్టండి. క్లస్టర్‌లో చూసిందాన్ని మళ్లీ క్లస్టర్‌లోకే ఎక్కించేవాళ్లతో పెద్ద తలనొప్పి.

మీ మిద్దె నుంచి కొండ ఏ దిక్కున ఉందో, ఏ లాగింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో రాయండి, ఫిల్టర్ ఎలా పెట్టాలో వివరంగా చెబుతాను.